మూడు వారాల పొర

ఆటోనగర్లో లేత్ మీద పదకొండేళ్ళు
లారీ ఇరుసులు చెక్కిన చేతులు నావి.
నీళ్ళ సంగతి వాటికేం తెలుసు?
కానీ ఆ వానాకాలం సువార్తమ్మ మనవడికి
మూడోసారి సెలైన్ ఎక్కిస్తున్నప్పుడు
ఆస్పత్రి బల్ల మీద, మందుల బిల్లు వెనక
ఒక డ్రమ్ము బొమ్మ గీశాను.

విద్యాధరపురం కొండ మీద ఆఖరి వరసలో వాళ్ళిల్లు.
కుళాయి రోజు విడిచి రోజు
తెల్లారుజామున దగ్గుతుంది.
మొదటి రెండు బిందెలూ టీ రంగు,
మూడోది కొంచెం సిగ్గుపడ్డ టీ రంగు.
గుమ్మంలో నిలబడితే కింద కృష్ణ కనిపిస్తూనే ఉంటుంది,
కళ్ళకి ఏరంత, నోటికి ఉగ్గుగిన్నెంత.

కరెంటు అడగనిది కావాలి.
చెడిపోతే నేను నూట డెబ్భై మెట్లు ఎక్కి రానక్కర్లేనిది.
పచ్చళ్ళ కంపెనీ నీలం డ్రమ్ము దొరికింది;
ఎంత కడిగినా వారంపాటు ఆవకాయ వాసన.
అడుగున కంకర, దాని మీద గోరంత రాళ్ళు,
ఆ పైన రెండు జానల ఇసుక.
ఇసుక ఏటిదే, అయినా కడగాలి,
గుప్పెడు తీసి సీసాలో నీళ్ళతో ఊపితే
అవతల పెట్టిన పేపర్లో అక్షరాలు కనపడేదాకా.
ఇరవై ఏడు బకెట్లు!
నీళ్ళు లేని చోట నీళ్ళ మిషను చెయ్యడానికీ
నీళ్ళే కావాలి చూడండి.

అడుగునుంచి బయల్దేరిన గొట్టం
డ్రమ్ము పక్కనే పైకెక్కి
ఇసుక కన్నా రెండంగుళాల ఎత్తున మెడ వంచాలి.
ఇసుక మీద ఆ రెండంగుళాల నీళ్ళు
ఎప్పుడూ నిలిచే ఉండాలి.
వాటి కింద, మూడు వారాలకి,
ఓ సన్నటి పొర పుడుతుంది. గోధుమరంగు, జిగురు.
కంటికానని జీవాలు. వచ్చే రోగాన్ని అవే తినేస్తాయట.
"మిషనంటే ఇసుక కాదు నాగూరూ, ఆ పొర.
నువ్వు కట్టేది దానికో కొట్టం" అన్నారు
పాలిటెక్నిక్ మల్లీశ్వరి మేడమ్.
నమ్మానని చెప్పను.

ఇరవయ్యో రోజు కొండెక్కాను.
డ్రమ్ము లోపలంతా తళతళ.
పీచు చేత్తో పట్టుకునే ఎదురొచ్చింది సువార్తమ్మ.
"పైన పాచి పట్టిందయ్యా, చూశావా?
పసోడు తాగే నీళ్ళాయె. సబ్బేసి రుద్ది పారేశా."

మూడు వారాలు. ఒక్క పూటలో, శుభ్రంగా.

కోపం వచ్చింది, దాచను.
కానీ నలభై ఏళ్ళుగా ఆ చేతుల పనే అది,
ఆస్పత్రి గచ్చులు, పరాయిళ్ళ గిన్నెలు,
పాచి కనపడితే రుద్దడం.
బొమ్మలో డ్రమ్ము గీశాను, గొట్టం గీశాను,
అంగుళాలు వేశాను.
ఆ చేతులు గీయలేదు.

మెట్టు మీద కూర్చుని చెప్పాను:
"అది పాచి కాదమ్మా, తోడు.
తోడేసిన గిన్నెని కదిపితే తోడుకుంటుందా?"
ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.
"ఆ మాట ముందే చెప్పొద్దూ!
డ్రమ్ముకి తోడేశావని నాకెట్టా తెలుసు?"

మళ్ళీ ఇసుక. మళ్ళీ బకెట్లు.
ఈసారి ఇసుక పైన, చెయ్యి దూరకుండా,
ఇడ్లీ రేకులాంటి చిల్లుల పళ్ళెం బిగించాను;
పోసిన నీళ్ళు పొర మీద దబ్బున పడవు.
పైన స్టీలు మూత.
రోజూ రుద్దుకోడానికి ఆమెకి ఆ మూత.

అప్పటిదాకా కాచే తాగారు.
మేడమ్ ఇచ్చిన బుల్లి సీసాలో నీళ్ళు పోసి
రెండు రాత్రులు ఉంచాలి; చెడ్డవైతే నల్లబడుతుంది.
నల్లబడింది.
ఇంకో వారానికి మళ్ళీ నల్లబడింది, కాస్త ఆలస్యంగా.
ఆ తర్వాత ఒక ఆదివారం, చర్చి గంటకి ముందు
వెలుతురుకి ఎత్తి చూస్తే
పోసిన రోజు తేనె రంగే.

సువార్తమ్మ గ్లాసుడూ తాగి పెదవి విరిచింది.
"రుచే లేదేంటయ్యా?"
మూత రుద్దుతూ, కాసేపాగి, గొంతు తగ్గించి
"పక్కింటి మస్తాన్‌బీ అడుగుతోంది,
ఇందులోంచి కాస్త తోడు ఇవ్వొచ్చా?"

ఇవ్వొచ్చేమో.
మేడమ్‌ని అడగాలి.